బంకు రసీదులో లేని లెక్క

ఆదివారం, 2025 సెప్టెంబరు 14
రామ్మూర్తి నగర్, బెంగళూరు

ఈ వారం ఎవరిని కదిలించినా జీఎస్టీ మాటే. 22వ తేదీ నుంచి కొత్త రేట్లు. 350 సీసీ దాకా ఉన్న బైకుల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి దిగుతుందని తెలిసిన దగ్గర్నుంచి మా ఆయన షోరూముకు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. పొద్దున దర్శిని హోటల్లో నిలబడి ఇడ్లీ తింటుంటే పక్క టేబుల్ దగ్గరా అదే చర్చ: ఏసీ ఇప్పుడు కొనాలా, దసరా దాకా ఆగాలా అని.

బండి చవకైతే మంచిదే. కానీ ఆ బండిలో పోసే పెట్రోలు జీఎస్టీలో లేదన్న సంగతి ఎవరూ ఎత్తరు. 2017 జులైలో జీఎస్టీ తెచ్చినప్పుడే ముడి చమురు, పెట్రోలు, డీజిలు, విమాన ఇంధనం, సహజవాయువు ఈ ఐదింటినీ పక్కన పెట్టారు. ఎనిమిదేళ్లు దాటినా అవి పక్కనే ఉన్నాయి.

దర్శిని బిల్లు నా పర్సులోనే ఉంది. రెండు ప్లేట్ల ఇడ్లీకి కూడా కేంద్రానికి ఇంత, రాష్ట్రానికి ఇంత అని పైసలతో సహా అచ్చువేసి ఇచ్చారు. అక్కణ్ణుంచి వస్తూ బంకులో ఐదు వందలకు పెట్రోలు కొట్టించాం. ఆ రసీదులో పంపు నంబరు, లీటర్లు, రేటు, మొత్తం ఉన్నాయి. పన్ను ఊసే లేదు. రోజంతా లెక్కలు రాసే ఉద్యోగం నాది, ఇలాంటివి చూస్తే ఊరుకోబుద్ధి కాదు. ఇంటికొచ్చి కాగితం పెన్ను తీసుకుని కూర్చున్నాను. లీటరుకు కేంద్ర ఎక్సైజు 21 రూపాయల 90 పైసలు. ఆ ఎక్సైజు కలిసిన ధర మీద కర్ణాటక అమ్మకం పన్ను 29.84 శాతం. అంటే పన్ను మీద పన్ను. లీటరు దాదాపు 103 రూపాయలైతే అందులో నలభై రూపాయలకు పైనే పన్ను. మేం ఇచ్చిన ఐదు వందల్లో రెండు వందలకు తక్కువ కాకుండా ఢిల్లీకీ విధానసౌధకూ పోయింది. ఇడ్లీకి చెప్పిన లెక్క పెట్రోలుకు ఎందుకు చెప్పరు?

మధ్యాహ్నం కింది పోర్షన్ అన్న గేటు దగ్గర బండి తుడుచుకుంటూ కనిపించాడు. వాళ్లది కదిరి దగ్గర పల్లె. టాటా ఏస్ నడుపుతాడు. అర్ధరాత్రి దాటాక లేచి కలాసిపాళ్యం మార్కెట్టుకు వెళ్లి, తెల్లారేసరికి ఇటువైపు దుకాణాలకు కూరగాయలు దించి వస్తాడు. చొక్కా జేబులో రబ్బరు బ్యాండు వేసిన చిన్న పుస్తకం ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఎడమ పేజీలో బాడుగ, కుడి పేజీలో డీజిలు. గ్రీజు మరకలు అంటి కొన్ని అంకెలు సరిగా కనబడవు కూడా. నేను అడిగితే విప్పి చూపించాడు. ఎడమ పేజీలో రోజూ ఒకే అంకె. కుడి పేజీలోదే మారుతోంది.

"బాడుగ పెంచమంటే ఇంకో బండిని పిలుస్తార్లేమ్మా" అన్నాడు. కోపం కూడా లేదు ఆ మాటలో. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

కర్ణాటక ప్రభుత్వం నిరుడు జూన్‌లో డీజిలు మీద పన్ను పెంచింది, ఈ ఏప్రిల్‌లో మళ్లీ పెంచి 21.17 శాతం చేసింది. రెండూ కలిపి లీటరుకు దాదాపు ఐదు రూపాయలు. అన్న బండికి నెలకు 150 లీటర్ల దాకా పడుతుందట. అంటే 750 రూపాయలు. ఇంట్లో గ్యాసు సిలిండరుకు ఓ వంద తక్కువ. ఆ గ్యాసు మీదా ఇదే ఏప్రిల్‌లో కేంద్రం యాభై పెంచింది. అదే రోజు పెట్రోలు, డీజిలు ఎక్సైజు కూడా రెండేసి రూపాయలు పెంచారు. దాన్ని జనం మీద వేయకుండా కంపెనీలే భరిస్తాయన్నారు. నిజమే, బంకులో రేటు మారలేదు. కానీ ప్రపంచంలో ముడి చమురు పడిపోతున్న రోజులవి. మనకు తగ్గాల్సిన రెండు రూపాయలు తగ్గకుండా అక్కడే ఆగాయి.

ఆ అన్న భార్య వైట్‌ఫీల్డ్ వైపు ఓ కంపెనీలో హౌస్‌కీపింగ్ చేస్తుంది. 2023 జూన్‌లో శక్తి పథకం వచ్చినప్పటి నుంచి బస్సులో ఉచితమే. మిగిలిన డబ్బుతో కూతుర్ని ట్యూషన్‌లో చేర్పించింది. అది నేను కళ్లారా చూశాను కాబట్టి ఆ పథకాన్ని ఎవరైనా తిడితే ఒప్పుకోలేను. మొన్న ఆగస్టు 15న ఆంధ్రాలోనూ ఉచిత బస్సు మొదలైతే మా అత్తగారు ఫోనులో ఎంత సంబరపడ్డారో. అయితే అదే ఇంట్లో భార్యకు బస్సులో మిగిల్చిన దాంట్లో కొంత భర్త డీజిలు నుంచి లాక్కుంటున్నారు. డబ్బున్నవాళ్ల పెద్ద కారులో పోసే లీటరుకూ, ఈ కూరగాయల బండిలో పోసే లీటరుకూ పన్ను ఒకటే. ఆదాయపు పన్నుకైనా శ్లాబులున్నాయి. దీనికి అదీ లేదు.

సాయంత్రం మామయ్యగారితో ఇదే వాదన. ఆయన అనంతపురంలో ఉద్యోగం చేసి రిటైరై ఇప్పుడు మాతోనే ఉంటున్నారు, పేపరు అక్షరం వదలరు. "కొనుక్కొచ్చే సరుకమ్మా అది. చౌకగా పంచితే దేశం ఏమవుతుందో మేం చూశాం" అన్నారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌లోకి చొరబడింది. ముడి చమురు ధర ఎగిరింది, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు ఆగింది. రాయచోటి, రాజంపేట వైపు నుంచి పోయినవాళ్లు ఒక్క సంచితో తిరిగొచ్చారని, కువైట్‌లో దాచుకున్న దీనార్లు చెల్లుతాయో లేదో తెలియక బస్టాండులో కూర్చుని ఏడ్చినవాళ్లను తానే చూశానని చెప్పారు. గల్ఫ్ నుంచి లక్షా డెబ్బై వేల మందిని ప్రభుత్వం విమానాల్లో తీసుకొచ్చిన రోజులవి. మరుసటి ఏడాదికి దేశం చేతిలో రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా డాలర్లే మిగిలాయి. 1991లో 47 టన్నుల బంగారం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్ దగ్గర తాకట్టు పెట్టాల్సి వచ్చింది. ఆ గండం నుంచి గట్టెక్కించింది మన పీవీయే కదా అని ఆయన గర్వం.

ఆయన చెప్పింది కాదనలేను. మనం వాడే ముడి చమురులో నూటికి ఎనభై ఐదు వంతులకు పైనే బయటిది. డాలరు పెరిగినా, సముద్రంలో ఓడ ఆగినా మనకే దెబ్బ. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చి ధర ఎగిరినప్పుడు బంకు రేటును కొన్నాళ్లు పట్టి ఉంచారు, ఎక్సైజు కొంత తగ్గించారు కూడా. అది మంచి పనే. నా గొడవ ధరతో కాదు, పన్నుతో. ధర మన చేతుల్లో లేదు, పన్ను మొత్తం మన చేతుల్లోనే ఉంది. 2020 మేలో లాక్‌డౌన్ దెబ్బకు చమురు కొనేవాడు లేనప్పుడు పెట్రోలు మీద పది, డీజిలు మీద పదమూడు ఎక్సైజు పెంచారు. 2018లో కర్ణాటక ఎన్నికల ముందు, రోజూ మారాల్సిన రేటు దాదాపు మూడు వారాలు కదల్లేదు. మే 12న పోలింగ్ అయింది, 14 నుంచి మళ్లీ పెరిగింది. రేటు పట్టుకోవడం చేతనవుతుందనే కదా దీని అర్థం? రాష్ట్రం పెంచితే ఒక పార్టీ ధర్నా, కేంద్రం పెంచితే ఇంకో పార్టీ ధర్నా. పెంచిన పన్ను తగ్గించమని సొంత ప్రభుత్వాన్ని అడిగే కార్యకర్త నాకు ఇంతవరకు ఎదురుపడలేదు.

పక్క ఫ్లాటు భీమవరం అక్క మా మాటలు విని లోపలికొచ్చింది. వాళ్ల అన్నయ్యకు ఆకివీడు దగ్గర రొయ్యల చెరువులు. రష్యా నుంచి చమురు కొంటున్నామని అమెరికా ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద ఇంకో 25 శాతం సుంకం వేసింది, మొత్తం యాభై. కొనేవాళ్లు వంద కౌంట్‌కు, అంటే కిలోకు వంద తూగే రొయ్యలకు, రేటు దించేశారని, మేత అప్పు ఎలా తీర్చాలో తెలియక అన్నయ్య నిద్రపోవడం లేదని చెప్పింది. యుద్ధానికి ముందు మన దిగుమతుల్లో రెండు శాతం కూడా లేని రష్యా చమురు తర్వాత మూడో వంతు దాటింది, అదీ తగ్గింపు ధరకు. ఎక్కడ చౌకగా దొరికితే అక్కడ కొనాలనే నేనూ అంటాను. కానీ ఆ తగ్గింపు బంకు దాకా రాలేదు, శిక్ష మాత్రం ఆకివీడు చెరువు దాకా వచ్చింది. ఇది ఏ లెక్కన న్యాయమో నాకు అర్థం కాదు.

చెరకు, మొక్కజొన్నల నుంచి తీసి పెట్రోలులో కలిపే ఇథనాల్ మాట కూడా వచ్చింది. పాత బండికి ఇరవై శాతం కలిపిన పెట్రోలు పోస్తే మైలేజీ తగ్గుతోందని మా ఆయన గోల. కలపని పెట్రోలు కూడా దొరికేలా చూడమన్న పిటిషన్‌ను సుప్రీం కోర్టు ఈ నెల 1న కొట్టేసింది. రైతుకు మేలంటే కలపండి, కాదనను. కలపని పెట్రోలు కూడా అమ్మి, ఏది కొనాలో మమ్మల్ని తేల్చుకోనివ్వండి.

మా మరిది ఏడింటికి అనంతపురం బయల్దేరాడు. ట్యాంకు బాగేపల్లిలోనే నింపుతాడు, సరిహద్దు దాటితే లీటరుకు ఆరు రూపాయలకు పైనే ఎక్కువ. ఆంధ్రాలో పెట్రోలు మీద వ్యాట్ 31 శాతం, అది కాక లీటరుకు నాలుగు రూపాయలు, రోడ్ల సెస్సు ఇంకో రూపాయి. అక్కడ ప్రభుత్వాలు మారుతూనే ఉన్నాయి, రేటు మాత్రం పొరుగు రాష్ట్రాల కన్నా పైనే. ఏపీ నంబరు బళ్లు బాగేపల్లి బంకుల్లో వరస కట్టడం పండగ రోజుల్లో నేనే ఎన్నోసార్లు చూశాను. అమ్మకమే పక్క రాష్ట్రానికి పోతుంటే అంత పన్ను వేసి ఏం లాభం? జీఎస్టీలోకి తెమ్మంటే రాష్ట్రాలు ఎలా బతుకుతాయని మామయ్యగారు అడిగారు. కష్టమే, రాష్ట్రాలకు సొంతంగా మిగిలిన పెద్ద ఆదాయాల్లో ఇదొకటి. కానీ రసీదు మీద పన్ను అచ్చువేయడానికి ఏ జీఎస్టీ కౌన్సిలూ కూర్చోనక్కర్లేదు కదా అన్నాను. దానికి ఆయనా తలూపారు.

రాత్రి చెత్తబుట్ట బయట పెట్టడానికి దిగితే అన్న అప్పుడే పడుకోబోతున్నాడు. ఏప్రిల్ నుంచి రాసుకున్న డీజిలు పేజీలన్నీ కూడి, అందులో కేంద్రానికి ఎంత పోయింది, రాష్ట్రానికి ఎంత పోయింది వేరు చేసి తెలుగులో రాసిస్తానని చెప్పాను. పుస్తకం తీసి చేతికిచ్చాడు.

"రాసియ్యమ్మా. బాడుగ అడిగేటప్పుడు షావుకారుకు చూపిస్తా."