పిన్నిని పిన్ని అని పిలిచిన చోటు

మేము షాంఘైకి వచ్చేనాటికి మా అమ్మాయికి ఆరేళ్లు, అబ్బాయికి మూడేళ్లు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, వీధిలో చైనీసు. ఈ మూడింటి మధ్య పిల్లలు తెలుగును ఎక్కడ జారవిడుచుకుంటారోనని నాకు ఎప్పుడూ బెంగగా ఉండేది. ఏడాది తిరక్కుండానే అమ్మమ్మా నానమ్మా ఇద్దరూ వాళ్ల నోట గ్రాండ్‌మా అయిపోయారు. మా తమ్ముడు, మావారి అన్నగారు, అపార్ట్‌మెంటు గేటు దగ్గర కూర్చునే పెద్దాయన, అందరూ అంకుల్స్ అయ్యారు. పెళ్లి పిలుపుల్లో వరస తప్పితే నెలల తరబడి బాధపడే ఇంట్లో పెరిగిన నాకు ఇది చిన్న సంగతిగా తోచలేదు. దీనికి మందు మా సందు చివరి కాఫీ దుకాణంలో దొరుకుతుందని మాత్రం నేను ఊహించలేదు.

షాంఘైలో కాఫీ దుకాణాల సంఖ్య 2023 నాటికే 9,000 దాటింది. వాటిలో పెద్ద కంపెనీల శాఖలు ఎన్నో ఉన్నాయి గాని, నా మనసుకు దగ్గరైనవి ప్లేన్ చెట్ల నీడలో, లోంగ్‌తాంగ్ అని పిలిచే పాత సందుల్లో, ఇంటి కింది గదిలో ఒకరో ఇద్దరో కలిసి నడుపుకునే దుకాణాలు. మేము వెళ్లేది నాలుగు బల్లలు మాత్రమే పట్టే గది. శరత్కాలంలో అక్కడ గుయ్‌హువా అనే చిన్న పసుపు పూల వాసన కాఫీ వాసనతో కలిసి సందు మలుపు దాకా వచ్చేది. పిల్లలు కనిపించగానే అడగకుండానే రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్లు బల్ల మీదికి వచ్చేవి. చల్లని నీళ్లు తాగితే గొంతు పట్టేస్తుందని మా అమ్మ ఎంత గట్టిగా నమ్ముతుందో, ఆ దుకాణం నడిపే ఆవిడ కూడా అంతే గట్టిగా నమ్ముతుంది.

ఒకరోజు మా అమ్మాయి ఆవిడను ఏమని పిలవాలో తెలియక తడబడితే, ఆవిడ కౌంటరు ఇవతలికి వచ్చి, దాని ఎత్తుకు వంగి, "ఆయీ అని పిలువు" అంది. ఆయీ అంటే తల్లికి చెల్లెలి వరస. ముఖపరిచయం లేని ఆడవారిని కూడా చైనాలో పిల్లలు అలాగే పిలుస్తారు. నేను అమ్మాయితో, "ఆయీ అంటే మన పిన్ని, అమ్మలూ" అన్నాను. "అయితే బాబాయిని ఏమంటారు?" అని అది వెంటనే అడిగింది. ఆవిడ ఒక కాగితపు రుమాలు తీసి, మధ్యలో పాపాయి బొమ్మ గీసి, చుట్టూ గీతలు లాగడం మొదలుపెట్టింది. తండ్రి అన్న బోబో, తమ్ముడు షూషూ, తండ్రి అక్కచెల్లెలు గూగూ, తల్లి అన్నదమ్ముడు జియుజియు. ప్రతి మాట పక్కనా నేను పెదనాన్న, బాబాయి, మేనత్త, మేనమామ అని రాస్తూ పోయాను. తల్లికి తల్లి అయితే వాయ్‌పో, తండ్రికి తల్లి అయితే నైనై. ఆ రుమాలు మీద ఇంగ్లీషుకు పనే లేకపోయింది. మా అబ్బాయిని ఆవిడ దీదీ అని పిలిచినప్పుడు, పక్కింటి ఉత్తరాది కుటుంబం ద్వారా అక్కను దీదీ అంటారని తెలిసిన మా అమ్మాయి విస్తుపోయింది. చైనీసులో ఆ మాటకు తమ్ముడని అర్థం.

అన్నీ కలిశాయని చెప్పను. బాబాయి పిల్లలది వాళ్లకు తాంగ్ వరస, మేనమామ, మేనత్త పిల్లలది బియావ్ వరస. అంతవరకు మన లెక్కకు దగ్గరగానే ఉంది. పిన్ని పిల్లలను కూడా వాళ్లు బియావ్‌లోనే కలుపుతారు, మనకేమో వాళ్లు తోడబుట్టినవాళ్లతో సమానం. దీని మీద మా అమ్మాయీ ఆవిడా చాలాసేపు వాదించుకున్నారు. తనకు పిన్ని కూతురంటే చెల్లే తప్ప మరొకటి కాదని అది చైనీసులో పట్టుబడుతుంటే నాకు కళ్లు చెమ్మగిల్లాయి. వరసలు నేర్పాలని నేను తెచ్చిన బొమ్మల పుస్తకాలు, అట్టలు చేయలేని పని ఆ వాదన చేసింది.

ఆ తర్వాత సెలవుల్లో ఎక్కడికి వెళ్లినా ఇలాంటి దుకాణాలు వెతుక్కోవడం మాకు అలవాటైంది. షాంఘైలోనే యోంగ్‌కాంగ్ రోడ్డులో వినికిడి లేనివారు పనిచేసే ఒక దుకాణం ఉంది. అక్కడ గోడలోని రంధ్రం నుంచి ఎలుగుబంటి పంజా తొడుక్కున్న చెయ్యి కాఫీ కప్పును అందిస్తుంది. బొటనవేలిని రెండుసార్లు వంచితే వాళ్ల సైగల భాషలో థాంక్స్ అని అర్థమని మా అబ్బాయి అక్కడే నేర్చుకున్నాడు.

చైనా కాఫీలో 95 శాతానికి పైగా యున్నాన్ రాష్ట్రంలోనే పండుతుందని తెలిశాక, వసంతోత్సవం అనే చైనీయుల కొత్త సంవత్సరం సెలవుల్లో అక్కడి పూఅర్‌కు వెళ్లాము. తోట పక్కనే గింజలు వేయించి కాఫీ కలిపి ఇచ్చే ఒక చిన్న దుకాణంలో, ఆ ఇంటి పెద్దావిడ ఎర్రగా పండిన కాఫీ పళ్లు పిల్లల అరచేతుల్లో పోసింది. నోట్లో వేసుకుంటే పలుచని తియ్యటి గుజ్జు, దాని లోపల జిగురు పట్టిన రెండు గింజలు. "అరకులో కూడా ఇలాగే ఉంటాయా?" అని అమ్మాయి అడిగింది. మా పుట్టింటికి దగ్గరలోని అరకు లోయకు నేను పిల్లలను ఇంతవరకు తీసుకువెళ్లలేదు. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో పెరిగే అక్కడి కాఫీ గురించి, ఆ చెట్లకు అల్లుకునే మిరియాల తీగల గురించి పూఅర్‌లో కూర్చుని వాళ్లకు చెప్పాను.

మరుసటి వేసవిలో విశాఖ నుంచి అరకు కాఫీ పొడి, అమ్మ వాడిన స్టీలు ఫిల్టరు తెచ్చుకుని, ఒక మధ్యాహ్నం మా సందు చివరి దుకాణానికి పట్టుకెళ్లాను. రోజూ 15 గ్రాముల పొడిని త్రాసులో తూచి, సన్నటి ధారగా నీళ్లు పోసి మూడు నిమిషాల్లో కాఫీ దింపే మనిషి, డికాక్షన్ చుక్కచుక్కగా దిగేదాకా మాతోపాటు కూర్చుని కనిపెట్టుకుని ఉంది. ఆ వ్యవధిలోనే మా అమ్మకు వీడియో కాల్ కలిపాము.

"అమ్మమ్మా, ఈవిడ మా పిన్ని" అంది మా అమ్మాయి, ఫోను ఆవిడ వైపు తిప్పుతూ. అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఏమ్మా, భోంచేశావా? పాలు బాగా మరగనివ్వు, పొంగు రావాలి" అంది. అమ్మాయి ఆ మాటను చైనీసులో చెప్పగానే, ఆవిడ స్టవ్ వెలిగించడానికి లేచింది.