మన చెరువులు లెక్కపెట్టిన ఐర్లండాయన

పోయిన నెల ఊరికి పోయినప్పుడు నాయన పాత ట్రంకుపెట్టె సర్దతా ఉంటే అడుగున ప్రోనోట్ల కట్ట ఒకటి బయటపడింది. మూడు నోట్లు, దారం కట్టి పెట్టుండాడు. మొదటిది 12,000, వందకి రెండు రూపాయల వడ్డీ. మూడేళ్ళు దాటితే నోటు చెల్లదు కదా, అందుకని అప్పిచ్చినాయన ముందే వచ్చి వడ్డీ అసల్లో కలిపి తిరగరాయించుకున్నాడు, అది 20,640. మళ్ళా మూడేళ్ళకి ఇంకోటి, 35,500. నిజానికి లెక్క ప్రకారం ఇంకో 80 పైసలు రావాలంట, అది మాఫీ చేశాడంట మహానుభావుడు, నాయన ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్వతాడు. మా చేతికొచ్చింది మాత్రం 12 వేలే, బోరు కోసం, ఆ బోర్లో నీళ్ళు పడలేదు, అది వేరే కథ.

నేను తిరుపతిలో ఒక ఆడిటర్ దగ్గర అకౌంట్స్ చూస్తా. అంకెలు చూస్తే ఊరికే ఉండలేను. ఆ నోట్లు ఇంటికి తెచ్చుకున్న వారంలోనే మా అక్క కొడుకు, గ్రూప్స్‌కి చదవతా ఉండాడు, ఫోన్ చేసి "మామా, ఆర్కాటు నవాబు అప్పులంటే ఏంది, ఒక మార్కు ప్రశ్నకి రెండు పేజీలు ఉండాది" అన్నాడు. చూసి చెప్తాలే అని మొదలుపెట్టి నేనే దాంట్లో పడిపోయా, పది రోజులు ఆఫీసులో టీ టైం అంతా దానికే పోయింది.

ఆ అప్పుల మీద పార్లమెంటులో గొడవ చేసినాయన ఎడ్మండ్ బర్క్ అని ఒకాయన. 1729లో డబ్లిన్‌లో పుట్టినాడు, అక్కడే ట్రినిటీ కాలేజీలో చదివినాడు, తర్వాత లండన్ పోయి 1765 చివర్లో ఎంపీ అయి 1794 దాకా బ్రిటిష్ పార్లమెంటులో ఉన్నాడు. మామూలుగా ఈయన పేరు చెప్తే ఫ్రెంచి విప్లవాన్ని తిట్టినాయన అనో, బెంగాల్ గవర్నర్ జనరల్‌గా చేసిన వారన్ హేస్టింగ్స్ మీద కేసు నడిపినాయన అనో చెప్తారు. హేస్టింగ్స్ విచారణ 1788లో మొదలై 1795లో ఆయన నిర్దోషి అని తేలేదాకా ఏడేళ్ళు సాగింది, అది అందరికీ తెలిసిందే. నాకు నచ్చింది దానికి ముందు ఆయన కమిటీలో కూర్చుని చేసిన పని.

1781లో హౌస్ ఆఫ్ కామన్స్ ఒక సెలెక్ట్ కమిటీ వేసింది, ఈస్టిండియా కంపెనీ వ్యవహారాలు చూడమని. దాంట్లో అసలు చాకిరీ అంతా బర్క్‌దే. 1783 చివరికి 11 రిపోర్టులు వచ్చినాయి, తొమ్మిదోది, పదకొండోది ఆయనే రాసింది, ఒకదాంట్లో కంపెనీ వ్యాపారం దేశాన్ని ఎట్లా పీల్చిందో, ఇంకోదాంట్లో కంపెనీ దొరలు తీసుకున్న కానుకల సంగతి. కానుకలంటే తెలుసు కదా, మనం మామూళ్ళు అంటాం. ఈ మనిషి ఒక్కసారి కూడా ఇండియాకి రాలేదు. అంతా కాగితాలే. ఉత్తరాలు, లెడ్జర్లు, సాక్షుల మాటలు. చదివినోడికి తెలుస్తాది, ఎవడు లెక్క చూసి మాట్లాడతాండాడో ఎవడు ఊరికే అరస్తాండాడో.

ఇంగ ఆర్కాటు సంగతి. అప్పుడు మన చిత్తూరు, తిరుపతి అంతా ఆర్కాటు నవాబు కిందే. మామిడికాయల మండీకి పోతాం కదా దామలచెరువు, 1740లో అక్కడి కనుమ దగ్గరే మరాఠాల చేతిలో నవాబు దోస్త్ అలీ చచ్చిపోయినాడు. ఆ తర్వాత వచ్చిన మహమ్మదలీ వాలాజా ఇంగ్లీషోళ్ళ అండతో గద్దె మీద కూర్చున్నాడు, ఆ అండకి బిల్లు వచ్చింది, బిల్లు కట్టడానికి అప్పు చేసినాడు, అప్పిచ్చింది ఎవురయ్యా అంటే మద్రాసులో కంపెనీ కింద పనిచేసే ఉద్యోగులే. ఇట్లా కంపెనీకి బాకీ, కంపెనీ నౌకర్లకి విడిగా బాకీ. వాళ్ళకి దుడ్లు కట్టలేక పరగణాల శిస్తు వాళ్ళ పేరుకి తన్ఖా రాసిచ్చేవాడు, వాళ్ళు నేరుగా పోయి రైతు మెడమీద కూర్చుని వసూలు చేసుకునేది. కొండ మీద స్వామి గుడి ఆదాయం కూడా అప్పుడు నవాబు సర్కారు లెక్కలోదే, ఇజారాకి, అంటే గుత్తకి, ఇచ్చేవాళ్ళు. 1801లో కర్ణాటకంతో పాటు (అంటే ఈ నవాబు రాజ్యం, ఇప్పటి కర్ణాటక రాష్ట్రం కాదు) అదీ కంపెనీ చేతికి పోయింది, 1843లో గానీ హథీరాంజీ మఠానికి రాలేదు.

ఈ అప్పులు మూడు రకాలు. 1767లో ఒకటి, 1777లో గుర్రపు ఫౌజుకి జీతాలిచ్చి పంపించెయ్యడానికి అని ఒకటి, అదే 1777లో అన్నీ కలిపి తిరగరాసిన పెద్ద బాకీ ఇంకొకటి. మొదటిదానికి వడ్డీ ఏడాదికి నూటికి పదికి తగ్గించాల్సొచ్చిందంటే అంతకుముందు ఎంత గుంజినారో చూస్కోండి. మూడోదే అసలు మతలబు, దాంట్లో పాల్ బెన్‌ఫీల్డ్ అనే ఆయన పెద్ద భాగస్తుడు. నాకు వెంటనే మా నాయన ట్రంకుపెట్టె గుర్తొచ్చింది, అదే పద్ధతి, నోటు తిరగరాయడం, వడ్డీ అసలైపోవడం, కాకపోతే వీళ్ళది లక్షల పౌండ్లలో.

1784లో ప్రధానమంత్రి పిట్ ప్రభుత్వం ఇండియా చట్టం తెచ్చింది. ఈ అప్పులు ఎట్లా పుట్టినాయో, న్యాయమైనవో కాదో విచారించమని ఆ చట్టంలోనే రాసుంది. కంపెనీ డైరెక్టర్లు కూడా విచారణ చేద్దామనే ఉత్తరం తయారు చేసినారు. కంపెనీ పైన ప్రభుత్వం పెట్టిన బోర్డ్ ఆఫ్ కంట్రోల్ ఆ ఉత్తరాన్ని కొట్టేసి, మూడు బాకీలూ ఒప్పుకోండి, నవాబు రాబడిలోంచి ఏటా 12 లక్షల వరహాలు, అంటే 4,80,000 పౌండ్లు తీసి కట్టండి అని రాసి పంపించింది. ఆ బోర్డులో చక్రం తిప్పింది హెన్రీ డండస్. తమాషా ఏంటంటే రెండు మూడేళ్ళ ముందు ఇంకో కమిటీకి, రహస్య కమిటీకి, ఛైర్మన్‌గా ఉండి కర్ణాటక వ్యవహారం మీద దుమ్మెత్తి పోసింది కూడా ఈ డండసే! కమిటీలో ఒక మాట, కుర్చీ ఎక్కినాక ఒక మాట. మనకి కొత్తేం కాదులే.

1785 ఫిబ్రవరి 28న ప్రతిపక్షం నాయకుడు ఫాక్స్ ఈ కాగితాలు సభ ముందు పెట్టమని తీర్మానం పెట్టినాడు, దాని మీద బర్క్ లేచి గంటలు గంటలు మాట్లాడినాడు. ఆయన అడిగిన ప్రశ్నల్లో నన్ను పట్టేసింది ఒకటే. అయ్యా, వీళ్ళు చిన్న చిన్న జీతాల గుమాస్తాలు, ఇన్ని లక్షలు అప్పివ్వడానికి వీళ్ళకి దుడ్లు యాడనుంచి వచ్చినాయి? బయటి దేశం నుంచి సొమ్ము వచ్చిన జాడ లేదు, ఇక్కడ చేతులు మారిన జాడ లేదు, మరి అప్పు మాత్రం ఎట్లా పుట్టింది? ఆడిట్‌లో మేము అడిగే మొదటి ప్రశ్న ఇదే, సోర్స్ చూపించు అని. దీనికి జవాబు చెప్పలేక ఎంతమంది మా టేబుల్ ముందు తల గోక్కుంటారో.

పిట్ పక్షం జవాబు కూడా చెప్పలేదు. అవసరం లేదనుకున్నారు, గమ్మున కూర్చుని ఓటేసి తీర్మానం చిత్తుగా ఓడగొట్టినారు. బర్క్ ఏం చేశాడంటే ఆ ప్రసంగాన్ని అదే ఏడాది పుస్తకంగా అచ్చేయించినాడు, వెనకాల రికార్డుల్లోంచి తీసిన అనుబంధాలతో సహా.

ఆ ప్రసంగంలో అందరూ మెచ్చుకునేది హైదర్ అలీ వర్ణన. 1780లో హైదర్ ఘాట్లు దిగి రావడాన్ని కొండల మీద కమ్ముకున్న నల్ల మబ్బు విరిగి మైదానం మీద పడిన మాదిరి చెప్తాడు, ఊర్లు తగలబడేది, జనం పారిపోయేది, కరువు. బాగుంది, కాదనను, కొంచెం డ్రామా ఎక్కువ. హైదర్ కూడా ఆ యుద్ధంలోనే 1782 డిసెంబర్లో మన చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో చచ్చిపోయినాడు, ఆ దారిలో బైకు మీద ఎన్నిసార్లు పోయుంటానో, ఒక్కసారి కూడా ఆ సంగతి తట్టలేదు.

నాకు నచ్చింది ఆ వర్ణన అయిపోయినాక వచ్చేది. సభలో ఒక మ్యాపు పెట్టినాడు. ఇండియా హౌస్‌లో, అంటే లండన్‌లో కంపెనీ ఆఫీసులో, ఉండే మ్యాపు తెప్పించమని ముందే అడిగితే వాళ్ళు ఇంకా పంపలేదంట, అందుకని తన కాపీ తనే చంకన పెట్టుకుని వచ్చి, ఇదిగో ఇక్కడ పెట్టినా, ఇష్టముంటే చూస్కోండి అన్నాడు. మద్రాసు పక్కన చెంగల్పట్టు జాగీరు మ్యాపు. ఈ కర్ణాటక నేల సహజంగా పంటలు పండే నేల కాదు, దానికి సాక్ష్యం కావాలంటే అక్కడి పశువుల సైజు చూడండి అంటాడు! పుంగనూరు ఆవు గుర్తొచ్చి నేను ఆఫీసులో గట్టిగా నవ్వేసినా, పక్క సీటాయన ఏమైందని చూసినాడు. డబ్లిన్‌లో పుట్టి లండన్‌లో బతికినాయనకి మన గొడ్ల ఎత్తు సంగతి కూడా తెలుసు.

మరి పంట ఎట్లా పండతాది అంటే చెరువుల వల్ల. ఆ ఒక్క మ్యాపులో ఉన్న చెరువులు తనే కూర్చుని లెక్కపెట్టినానని చెప్తాడు, 1,100 పైన, రెండు మూడెకరాల కుంట నుంచి చుట్టూ ఐదు మైళ్ళ చెరువు దాకా. మొత్తం కర్ణాటకం, తంజావూరు కలిపితే పెద్దవీ మధ్యరకంవీ పది వేలకి తక్కువ ఉండవు అంటాడు. ఇవి కట్టించినోళ్ళే నిజమైన రాజులు, తమ తర్వాత పుట్టబోయేవాళ్ళని కూడా తమ బిడ్డలనుకున్నోళ్ళు, అని. యుద్ధంలో కట్టలు తెగి, తూములు పూడి పాడైపోయిన చెరువులకి పెట్టాల్సిన సొమ్ము అప్పులోళ్ళకి దోచిపెడితే రేపు శిస్తు యాడనుంచి వస్తాది, అదీ ఆయన వాదన. రాయలసీమోడికి ఇది వేరే ఎవురూ చెప్పక్కర్లేదు. 2021 నవంబరు వానల్లో మన రాయలచెరువు కట్ట లీకై, కింద ఊర్లన్నీ ఖాళీ చేయించి ఇసుక మూటలు వేసిన రోజులు తిరుపతిలో ఎవురైనా మర్చిపోతారా. అప్పుడే తెలిసింది ఆ కట్ట ఎంత బరువు మోస్తాందో.

బర్క్‌ని దేవుణ్ణి చెయ్యాల్సిన పన్లేదు. ఆయన బంధువు అని చెప్పుకునే విలియం బర్క్ తంజావూరు రాజుకి ఏజెంటుగా పనిచేసినాడు, తంజావూరుకి నవాబుకి పడదు. అంతకుముందు 1769లో కంపెనీ షేర్లు పడిపోయి ఆ కుటుంబమే చేతులు కాల్చుకుంది. అప్పట్లోనే కొందరు, నీకు దీంట్లో స్వార్థం ఉందిలే అన్నారు. ఉండొచ్చు. ఎవురి తరఫున మాట్లాడినా అంకె సరిగ్గా ఉందా లేదా అనేది నేను చూసేది. 1805లో కర్ణాటక అప్పుల మీద కమిషనర్లను వేసి ఏళ్ళ తరబడి ఒక్కో క్లెయిమూ తిరగేస్తే, అప్పులోళ్ళు అడిగినదాంట్లో పదో వంతు కూడా నిజమైన బాకీగా తేలలేదు. బర్క్ అప్పటికే పోయి ఎనిమిదేళ్ళయింది, 1797లోనే చనిపోయినాడు.

పోయిన ఆదివారం మళ్ళా ఊరికి పోయి ఇదంతా నాయనకి చెప్పినా. అంతా విని "మ్యాపులో లెక్కపెట్టినాడా, మనమూ పెడదాం పట్టు" అన్నాడు. వరండాలో కూర్చుని ఫోన్లో శాటిలైట్ మ్యాపు తెరిచి మా ఊరి చుట్టూ చూస్తా పోయినాం. ప్రతిదానికీ గొడవే, నేను చెరువు అంటే ఆయన కుంట అంటాడు, ఐదెకరాలు కూడా లేదు, దాన్ని చెరువంటే నీళ్ళు వదిలే నీరుగంటి నవ్వతాడు అంటాడు. బర్క్ రెండెకరాలవి కూడా లెక్కేసినాడులే నాయనా అంటే సరే వెయ్యి అన్నాడు. ఏది ఎప్పుడు నిండి మొరవ పోయిందో అన్నీ చెప్తాడు, ఈ చెరువు 96లో, అదిగో అది 2015లో, ఇది నా పెండ్లప్పుడు.

61 దగ్గర ఆగినాం. ఆ తర్వాతది నీళ్ళు కాదు, గళ్ళు గళ్ళుగా తెల్లరాళ్ళు పాతిన ప్లాట్లు, మధ్యలో ఎర్రమట్టి రోడ్డు. కట్ట మాత్రం వంకరగా ఇంకా కనపడతా ఉండాది. నేను దాటేసి పక్కకి జరిపితే నాయన నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగినాడు, "అది కూడా రాసుకో, రికార్డులో ఇంకా చెరువనే ఉండాది" అన్నాడు. 62 అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టినా. ఆయనకి అది నచ్చలేదు, పెన్ను తీసుకుని కొట్టేసినాడు, ప్రశ్నార్థకాన్ని.