మిసిసిపీ నమూనాలో రెండు గడియారాలు

నదిని నమూనాగా కట్టి, కోతకు గురైన తీరాన్ని నిలబెట్టే పనిలో జీవితం గడిపే ఇంజనీరింగ్ ప్రొఫెసర్‌కు అసలు పరీక్ష సమీకరణాల దగ్గర ఎదురుకాదు. ఏ ప్రశ్న ఏ నమూనాను అడగవచ్చో తేల్చుకోవడంలోనే ఉంది కష్టమంతా.

మిసిసిపీ నది సముద్రంలో కలిసే చోటున్న అమెరికాలోని లూసియానా తీరం 1932–2010 మధ్య సుమారు 4,900 చదరపు కిలోమీటర్ల నేల పోగొట్టుకుంది. 1927 వరద తర్వాత బలపరిచిన కరకట్టలు ఒండ్రును చిత్తడి నేలలకు చేరనివ్వడం లేదు. ఎగువన, మిసిసిపీ ఉపనది మిస్సోరీ మీది ఆనకట్టలు వచ్చే ఒండ్రునే బాగా తగ్గించేశాయి. కరకట్టకు గేట్లు పెట్టి ఒండ్రు నీటిని పక్కకు మళ్లిస్తే మళ్లీ నేల కడుతుందా?

బేటన్ రూజ్‌లో లూసియానా స్టేట్ యూనివర్సిటీ వాళ్ల నమూనా 216 ఫోమ్ పలకలతో, 90 అడుగుల వెడల్పు, 120 అడుగుల పొడవున ఉంటుంది. అసలు నదితో పోలిస్తే అడ్డంగా 6,000వ వంతు, నిలువుగా 400వ వంతు. రెండు దిక్కులా ఒకే స్కేలు వాడితే 30 మీటర్ల లోతున్న నది 5 మిల్లీమీటర్ల నీటిపొర అయిపోతుంది, అందులో రేణువు కదలదు. నిలువును 15 రెట్లు సాగదీశారు కాబట్టి 7.5 సెంటీమీటర్ల లోతు దొరుకుతుంది.

దీనికి మూల్యం ఉంది. నమూనాలో నీటి వేగానికీ గురుత్వానికీ ఉన్న పొంతన అసలు నదిలోలాగే ఉండాలనే ఫ్రౌడ్ నియమం ప్రకారం వేగం 20వ వంతు అవుతుంది, ప్రవాహం 4.8 కోట్లవ వంతు. అంటే 10 లక్షల క్యూసెక్కుల వరదకు నమూనాలో సెకనుకు 0.6 లీటరు చాలు! వాలు కూడా 15 రెట్లు పెరుగుతుంది కనుక అడుగు నున్నగా ఉంటే నీరు జారిపోతుంది. అడుగు గరుకుదనాన్ని కొలిచే మ్యానింగ్ గుణకం నదిలోకంటే నమూనాలో దాదాపు 40 శాతం ఎక్కువ ఉండాలి. నీటిమట్టాలు కుదిరేదాకా అడుగును గరుకు చేస్తూ పోవాల్సిందే.

అన్నిటికంటే చిక్కు కాలంతో. ఫ్రౌడ్ లెక్కలో నీటి గడియారం 300 రెట్లు వేగం, ఏడాది అంటే దాదాపు 29 గంటలు. కానీ ఈ నమూనాలో ఏడాది ఒక్క గంటలో నడుస్తుంది, ఎందుకంటే అక్కడ గడియారాన్ని నిర్ణయించేది ఇసుక కదలిక. రెండూ ఒకదానితో ఒకటి కలవవు. అందుకే దశాబ్దాల్లో ఇసుక ఎటు పోతుంది, ఎక్కడ మేట వేస్తుంది అన్నవి దీన్ని అడగాలి. ఒక వరద కెరటం ఏ గంటకు ఎక్కడికి చేరుతుందని అడగకూడదు. ఇసుకకు బదులు వాడే తేలికైన కృత్రిమ రేణువులు బురదకు ప్రతినిధులు కావు. మీటరు లోతు చిత్తడిలో నీరు ఇక్కడ 2.5 మిల్లీమీటర్లే, అక్కడ తలతన్యతే రాజ్యమేలుతుంది. ఒడ్డు వాలులు నిటారుగా మారడంతో వంపుల్లోని అడ్డ ప్రవాహాలూ అసలు నదిలోలా ఉండవు.

ఆ మిగిలినదంతా కంప్యూటర్ నమూనాల పని. వాటిని ఒక వరద కొలతలతో సరిదిద్ది, వేరే వరదతో పరీక్షించాలి. అదే వరదను రెండుసార్లు వాడితే ఆ పరీక్షకు విలువ లేదు. గరుకుదనం ఒక్కటే తిప్పుతూ మట్టాలు కుదిర్చేస్తే, నది నమూనాలోకి ప్రవేశించే ఎగువ హద్దులో ఇసుక లెక్క తప్పుగా ఇచ్చినా ఫలితం చూడటానికి బాగానే కనిపిస్తుంది. అందుకే నదిలో వేర్వేరు లోతుల్లో నీళ్లు పట్టి ఇసుక, బురద విడివిడిగా తూచాలి.

మళ్లింపు చోటు ఎంపికలో నిర్ణయించేది ఇసుకే. ముతక ఇసుక అడుగుకు దగ్గరగా కదులుతుంది, వంపు లోపలి ఒడ్డున మేట వేస్తుంది. తూము మట్టం ఎత్తుగా పెడితే పైనున్న నీరు, బురద ఎక్కువ వస్తాయి. నీరు పోయి ఇసుక మిగిలిన నది కిందకు వెళ్లేకొద్దీ శక్తి చాలక పూడుతుంది, ఓడల దారికి పూడికతీత ఖర్చు పెరుగుతుంది.

లూసియానాలో ఇలాంటిదే అయిన 75 వేల క్యూసెక్కుల మిడ్-బరటేరియా మళ్లింపు పనులు 2023 ఆగస్టులో మొదలై, 2025 జులైలో రద్దయ్యాయి. నా దృష్టిలో అది తీరానికి పెద్ద నష్టం. ఇక పోల్చి చూసుకోవడానికి లూసియానాలోనే ఉన్న వ్యాక్స్ లేక్ కాలువ ఉంది. 1940ల మొదట్లో వరద నీటి కోసం తవ్విన ఆ కాలువ ముఖద్వారంలో 1973 వరద తర్వాత నేల నీటిపైకి తేలింది, ఇంకా పెరుగుతోంది.