ఉద్దానం నూతుల దారిలో

పలాస స్టేషన్లో దిగి కాశీబుగ్గ మీదుగా హైవే ఎక్కితే సోంపేట దాకా జీడి, పనస, కొబ్బరి తోటలే. శ్రీకాకుళం జిల్లాలోని ఈ పట్టీయే ఉద్దానం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను గంటకు 140-150 కిలోమీటర్ల గాలితో పలాస దగ్గర తీరం దాటింది ఈ తోటల మీదుగానే. ముసలి కొబ్బరి చెట్ల మధ్య ఒకే ఎత్తున్న లేత చెట్ల వరసలు కనిపిస్తే, అక్కడ పడిపోయినవాటి లెక్క అడగనక్కర్లేదు.

గాలివాన వెళ్లిపోయాక రోగం ఎటు నుంచి వస్తుందని ఈ ఊళ్లు అనుకుంటాయో తెలుసుకోవాలని వెళ్లాం. మహేంద్రతనయ సముద్రంలో కలిసే బారువ వైపు ఎవరిని అడిగినా ముందు వచ్చిన మాట నీరే. మేం వాంతులు, విరేచనాల గురించి అడుగుతున్నాం. వాళ్లు చెబుతున్నది కిడ్నీ గురించి. కారణం ఇదీ అని తేలని ఆ జబ్బును ఇన్నేళ్లుగా ఇంటింటా చూస్తున్నవాళ్లు మరి. "విరోచనాలు రేపటికి కడతాయి బాబూ, కిడ్నీ పోతే ఏటి తెచ్చుకుంటాం?" అందొక పెద్దావిడ.

ఈ లెక్కలో బ్లీచింగు పొడి కూడా అనుమానమే. వాసన ఘాటుగా ఉంటుంది కాబట్టి అదీ ఓ విషమేనని, మందు కలపని నూతికి బిందె పట్టుకు నడుస్తారు. తేటగా, తియ్యగా ఉంటే మంచినీరు అనే కొలత ఇసుక నేలలో మామూలు రోజులకు సరిపోతుంది. వరద నీరు ఒరల మీదుగా దిగిన నూతికి సరిపోదు.

పొడి కలపడంలో పొరపాట్లు జరుగుతున్నమాటా నిజమే. గుప్పెడు తీసి పైనుంచి చల్లేస్తే సున్నం అడుక్కి పోతుంది, వాసన పైన మిగులుతుంది. నుయ్యి అడ్డం 2 మీటర్లు, నీటి లోతు 3 మీటర్లయితే నీళ్లు 9,400 లీటర్ల పైచిలుకు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున 24 గ్రాములు. దాన్ని బకెట్లో కొద్ది నీళ్లతో ముద్దగా కలిపి, ముప్పాతిక వరకు నీళ్లు పోసి, పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. పైన తేరిన నీటిని వేరే బకెట్లోకి వంచి, ఆ బకెట్‌ను నూతి నీళ్లలో ముంచి పైకీ కిందికీ ఆడించాలి. అడుగున మిగిలిన సున్నం పారబోయాలి. గంట దాకా ఎవరూ తోడకూడదు. రాత్రి పూట వేస్తే ఈ గొడవ ఉండదు.

తర్వాత, నీటిలో క్లోరిన్ ఎంత మిగిలిందో రంగుతో చూపించే ఆర్థోటొలిడిన్ చుక్కలతో పరీక్ష. పసుపు రంగును పది సెకన్లలోపే చూడాలి. ఆలస్యమైతే మురికితో కలిసిపోయిన క్లోరిన్ కూడా రంగు చూపించి మోసం చేస్తుంది. లీటరుకు అర మిల్లీగ్రాము మిగలాలి. మురుగు దిగిన నూతిలో మొదటి మోతాదంతా ఆ మురుగే తినేస్తుంది, అప్పుడు మళ్లీ వేయాల్సిందే. మూత సరిగా పెట్టక పొడి గాలికి చచ్చిపోయినా ఇదే తంతు. మురికి పోతుందని మోటారు పెట్టి నుయ్యి ఖాళీ చేయడం తీరంలో పనికిరాదు. ఉప్పునీటి మీద తేలుతున్న మంచినీటి పొరను లాగేస్తే కింది ఉప్పు పైకొస్తుంది.

దోమ సంగతి అందరికీ తెలుసు; కొబ్బరి చిప్పల్లో నిలిచిన నీళ్లు వారానికోసారైనా ఒంపేస్తే చాలు. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి అంటుకునే ఎలుకల జ్వరం (లెప్టోస్పైరోసిస్) పేరు ఎత్తినవాళ్లు మాత్రం తక్కువ. 2017లో మరియా తుపాను తర్వాత ప్యూర్టో రికో దీవిలో ఈ జ్వరం కేసులు పెరిగాయి. ఇక్కడా పడిన చెట్లు తీసేది మోకాలి లోతు నీళ్లలో ఒట్టి కాళ్లతోనే. కాలి పగుళ్లే దానికి దారి.

ఆ చెట్లు కోసే రోజుల్లోనే ఇంకో ముప్పు ఉంది. దాన్ని ముప్పని మాతో ఒక్కరూ అనలేదు. పొద్దంతా రంపం, గొడ్డలి పని. తాగే నీరు తక్కువ, చెమట ఎక్కువ. రాత్రికి ఒళ్లు నొప్పులని డైక్లోఫెనాక్ మాత్ర, మర్నాడు ఇంకోటి. ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు ఈ మాత్రలు మూత్రపిండాలకు వెళ్లే రక్తాన్ని ఇంకా తగ్గించేస్తాయి. బ్లీచింగు వాసనకు బిందె తిప్పుకుపోయిన మనిషే దీన్ని టీతో వేసుకుంటాడు.

సోంపేటలో బస్సు కోసం ఆగిన చోట, ఓ బడ్డీలో బీడీ కట్టల పక్కన ఆ మాత్రల అట్టలు వేలాడుతున్నాయి.