తెల్లచారల వంకాయ: నాలుగో పంట లెక్కలు

జూన్‌లో నారు పోసి, జులై రెండో వారంలో 48 మొక్కలు నాటాను. ఇది మా మేనత్త పెరట్లోని నాటు వంగలోంచి ఏరుకున్న రకం. లేత ఊదా కాయ మీద తెల్ల చారలు, తొడిమకు ముళ్లుండవు. గుత్తి వంకాయకు కోసేటప్పుడు చేతికి గుచ్చుకోదు. దాని మీద మనసు పడింది అందుకే.

ఈసారి బెరుకు మొక్కలు, అంటే రకానికి తేడాగా వచ్చినవి, 5. మూడింటికి తొడిమ ముళ్లు, రెండింటికి చారల్లేని ముదురు కాయలు. కిందటేడు 9, అంతకు ముందు 14. తగ్గుతున్నాయి గానీ ఇంకా చాలదు. 2001 నాటి మొక్కల వంగడాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కింద నమోదు కావాలంటే రకం మిగతా వాటికంటే విడిగా కనబడాలి, మొక్కలన్నీ ఒకేలా ఉండాలి, తరం మారినా గుణం మారకూడదు. మొదటిదానికి నాకు బెంగ లేదు. రెండోదే నిద్ర పట్టనివ్వడం లేదు.

తప్పు నాదే. పోల్చి చూసుకోవడానికి భాగ్యమతి, శ్యామల అనే వంగ రకాలను పక్క వరసలోనే నాటాను. వంగ ఎక్కువగా తన పుప్పొడితోనే కాయ కడుతుంది, కానీ తేనెటీగలు ఊరుకోవు. ఇప్పుడు విత్తనానికి కవరు కట్టిన పూలే వాడుతున్నాను. మర్నాడు విచ్చుకునే మొగ్గకు సాయంత్రమే బటర్ పేపర్ కవరు తొడగాలి. కీలం (పువ్వు మధ్యలో ఉండే ఆడ భాగపు కాడ) పొడుగ్గా ఉన్న పూలనే ఎంచుకోవాలి, పొట్టివి సాధారణంగా కాయ కట్టవు. పిందె పడ్డాక కవరు తీసి, తొడిమకు ఎర్ర దారం కట్టి, కాయ పసుపు తిరిగేదాకా వదిలేస్తున్నాను. ఎర్ర దారం ఉన్న కాయను ఇంట్లో ఎవరూ కోయరు.

నర్సరీ ఆయన విత్తనం అమ్మిపెడతానన్నాడు. వద్దన్నాను. కొత్త రకంగా దరఖాస్తు పెట్టాలంటే, ఆ తేదీకి ఏడాది కంటే ముందు మన దేశంలో అమ్మి ఉండకూడదు. ఇద్దరు పొరుగువాళ్లకు మాత్రం పరీక్షకని ఇచ్చి, తేదీ నోటుబుక్కులో రాసుకున్నాను.

పేరు కూడా మార్చాలి. నోటుబుక్కులో దీన్ని '7' అంటున్నాను, ఉత్త అంకెలు పేరుగా చెల్లవు. ఊరి పేరు పెడదామనుకున్నాను. భౌగోళిక నామం కూడా కూడదట, నిజాయితీగా వాడుతున్నామని రిజిస్ట్రారుకు నమ్మకం కుదిరితేనే ఒప్పుకుంటారు. రైతులకు ఫీజు లేదు, అది పెద్ద ఊరట.

దరఖాస్తులో నాకు బాగా నచ్చినది ఇంకోటి ఉంది: మూల విత్తనం ఎక్కడిది, రకాన్ని రూపొందించడంలో ఏ రైతు, ఏ ఊరు పాలు పంచుకుంది అన్నది రాయాలి. అత్తను అడిగాను. తన అత్తగారు కాపురానికి వచ్చేటప్పుడు కొంగున కట్టుకొచ్చిన విత్తనాలంది. ఆ పుట్టింటి ఊరు పేరు కనుక్కోవాలి. వచ్చే ఆదివారం ఇద్దరం కలిసి వెళ్తున్నాం.