ఒకే గోడల మధ్య రెండు రికార్డులు

బాస్కెట్‌బాల్ దిగ్గజం కరీం అబ్దుల్ జబ్బార్ జీవితంలో ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) లెక్కకి అందని నాలుగేళ్ళు యూసీఎల్‌ఏ క్యాంపస్‌లోని పాలీ పెవిలియన్‌లో గడిచాయి. అందుకే లాస్ ఏంజెలెస్‌లో నా బాస్కెట్‌బాల్ యాత్ర అక్కడ్నుంచే మొదలుపెట్టాను. 1965లో ఈ హాలు కొత్తగా తెరిచినప్పుడు అతని పేరు ఇంకా లూ ఆల్సిండర్. మొదటి ఏడాది విద్యార్థులు ప్రధాన జట్టుకి ఆడకూడదన్నది అప్పటి నిబంధన. మరి ఆ కుర్రాడు ఏం చేశాడు? జూనియర్ల జట్టుతో దిగి, దేశ ఛాంపియన్లయిన సొంత కాలేజీ సీనియర్లనే 75-60తో ఓడించాడు! ఆ తర్వాత వరసగా మూడేళ్ళు టైటిల్ గెలిపించాడు. మధ్యలో, 1967లో, కాలేజీ ఆటలో డంక్‌నే (ఎగిరి బంతిని నేరుగా బుట్టలోకి కొట్టడాన్ని) నిషేధించారు. దాంతో అతని స్కైహుక్ ఇంకా పదునెక్కింది. పక్కకి తిరిగి, ఎగిరి, ఒంటిచేత్తో తలమీదుగా వేసే ఆ షాట్‌ని ఆపడం ఎవరికీ చేతకాలేదు.

అక్కడ్నుంచి ఇంగిల్‌వుడ్‌లోని ఫోరంకి వెళ్ళాను. లాస్ ఏంజెలెస్ ఎన్‌బీఏ జట్టు లేకర్స్‌కి 1999 దాకా సొంత మైదానం ఇదే, ఇప్పుడు ఎక్కువగా సంగీత కచేరీలు జరుగుతాయి. విల్ట్ ఛాంబర్లేన్ తన చివరి ఐదు సీజన్లూ లేకర్స్ తరఫున ఇక్కడే ఆడి, 31,419 పాయింట్లతో ఆపేశాడు. ఎన్‌బీఏలో అప్పటికి అత్యధిక పాయింట్ల రికార్డు అదే. ఆ అంకెని కరీం దాటింది మాత్రం 1984 ఏప్రిల్ 5న, లాస్ వేగస్‌లో. యూటా జాజ్ అప్పట్లో కొన్ని హోం మ్యాచ్‌లు అక్కడ ఆడేది. లేకర్స్‌లో కరీం సహచరుడు మ్యాజిక్ జాన్సన్ పాస్ అందించాడు, జాజ్ ఆటగాడు మార్క్ ఈటన్ చేతులు చాచినా అందనంత ఎత్తులోంచి స్కైహుక్ పడింది. 1989లో రిటైరయ్యేసరికి కరీం మొత్తం 38,387.

సాయంత్రం మెట్రోలో పీకో స్టేషన్‌లో దిగి, లేకర్స్ ఇప్పుడు ఆడే డౌన్‌టౌన్ అరీనాకి నడిచాను. బయట ప్లాజాలో కరీం కంచు విగ్రహం ఉంది, స్కైహుక్ వేస్తున్న భంగిమలోనే. దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. ఎందుకంటే ఆ విగ్రహానికి కొద్ది అడుగుల దూరంలో, లోపల, 2023 ఫిబ్రవరి 7న లేకర్స్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ కరీం పాయింట్ల రికార్డుని దాటాడు. దాదాపు 39 ఏళ్ళు నిలిచిన రికార్డు! మూడో క్వార్టర్ చివర్లో, వెనక్కి ఒరుగుతూ వేసిన జంప్ షాట్. కరీం స్వయంగా వచ్చి అతనికి బంతి అందించాడు. ఓక్లహోమా సిటీ చేతిలో ఆ మ్యాచ్ లేకర్స్ ఓడిపోయిందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఇద్దరిలో ఎవరు గొప్ప అనే వాదన నాకు నచ్చదు. లెబ్రాన్ 18 ఏళ్ళకే స్కూలు నుంచి నేరుగా ఎన్‌బీఏకి వచ్చాడు. కరీం నాలుగేళ్ళు కాలేజీలో ఉన్నాడు. దూరం నుంచి వేసిన షాట్‌కి మూడు పాయింట్లిచ్చే త్రీ పాయింట్ గీత ఎన్‌బీఏలోకి 1979లో గానీ రాలేదు, కరీం తన కెరీర్ మొత్తంలో వేసిన త్రీ పాయింటర్ ఒకే ఒక్కటి. లెబ్రాన్‌వి రెండువేలు దాటాయి. పైగా ఈ రికార్డు లెక్కలో ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ దశ) పాయింట్లు కలపరు. నాకైతే ఇందులో అన్నిటికంటే పెద్దగా కనిపించేది ఒంట్లో సత్తువని ఇరవై సీజన్లపాటు కాపాడుకోవడం.

ఇదే భవనంలో ఇంకో రికార్డు కూడా బద్దలైంది, దాని గురించి చాలామంది మాట్లాడరు, అది నాకు బాధగా ఉంటుంది. 2017 జూన్‌లో, లాస్ ఏంజెలెస్ స్పార్క్స్ మీద ఆడుతూ, డయానా టొరాసీ ఇక్కడే టీనా థాంప్సన్ 7,488 పాయింట్లని దాటి డబ్ల్యూఎన్‌బీఏలో (మహిళల లీగ్‌లో) అందరికంటే ముందుకెళ్ళింది. ఆమె పెరిగిన చైనో ఇక్కడికి దగ్గరే. ఎన్‌బీఏ సీజన్‌కి 82 మ్యాచ్‌లు, ఆమెకి అప్పట్లో 34. అంత చిన్న సీజన్లతో చివరికి 10,646 దాకా వెళ్ళింది. పదివేలు దాటిన రోజు, 41 ఏళ్ళ వయసులో, ఒక్క మ్యాచ్‌లోనే 42 పాయింట్లు కొట్టింది. అది ఫీనిక్స్‌లో జరిగింది. ఇక్కడ్నుంచి కారులో ఆరు గంటల దారి, నేను తర్వాత వెళ్ళేది అక్కడికే.