డ్రాగ్ రేసుకు తొలి తరగతి: 165 సీసీ ఫోర్ స్ట్రోక్ వైపు

విజయనగరంలో డ్రాగ్ రేసు (నిలిచిన చోటు నుంచి తిన్నని దారిలో కొద్ది దూరం దూసుకుపోయే పందెం) మాట ఎత్తితే ఎవరి నోటనైనా ముందుగా వచ్చే పేరు యమహా ఆర్‌ఎక్స్ 100. మా మావయ్య ఇంట్లో ఒకటి ఉండటంతో, 130 సీసీ లోపు టూ స్ట్రోక్ తరగతిలోనే దిగమని మిత్రులందరూ సలహా ఇచ్చారు. నేను మాత్రం రోజూ నడిపే అపాచీ 160 4వీతో, 165 సీసీ లోపు ఫోర్ స్ట్రోక్ తరగతికే సిద్ధమవుతున్నాను.

ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది. మంచి సిలిండర్ దొరకడమే కష్టం. పైగా ఆ తరగతిలో పోర్టింగ్ (సిలిండర్‌లోని దారులను మలచడం) చేయించి, ఎక్స్‌పాన్షన్ ఛాంబర్ (శక్తి పెంచే పొగగొట్టం) బిగించి, కార్బురేటర్ మార్చిన బండ్లతో తలపడాలి కాబట్టి, ఓడితే లోపం నడిపినవాడిదో ట్యూనింగ్‌దో కొత్తవాడికి తెలియదు. తన బండి సిలిండర్ విప్పనిచ్చేది లేదని మావయ్య తేల్చి చెప్పడం కూడా ఒకందుకు మంచిదే అయింది.

సాధన రోడ్డు మీద చేయడం లేదు. జాతీయ రహదారి ఎంత ఖాళీగా కనిపించినా అక్కడ పందెం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే మూడు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. తెలిసినవారి రైస్ మిల్లులో ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లాన్ని, కోతలు లేని రోజుల్లో, అనుమతి తీసుకుని వాడుకుంటున్నాను. అక్కడ సురక్షితంగా సాధన చేయగలిగింది మొదటి 60 అడుగులే, అంటే సుమారు 18 మీటర్లు. అయితే కొత్తవారు సమయం పోగొట్టుకునేది ఎక్కువగా ఆ భాగంలోనే.

బయలుదేరే ముందు ఊకంతా ఊడ్చాలి, లేకపోతే వెనుక చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. ఇంజన్ నాలుగు వేల ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర ఉండగా క్లచ్ వదిలితే ఇంజన్ నీరసపడి బండి ఈడ్చుకుంటూ కదులుతోంది. ఏడు వేల దగ్గర ఒక్కసారిగా వదిలితే ముందు చక్రం లేస్తోంది. ఆరు వేల దగ్గర పట్టి, ఛాతీని ట్యాంకు మీదికి వంచి, క్లచ్‌ను రెండు వేళ్లతో క్రమంగా వదిలినప్పుడే బండి నిటారుగా సాగుతోంది. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్ వీడియోలో, ముందు చక్రం కదిలిన ఫ్రేము నుంచి గీత దాటిన ఫ్రేము వరకు లెక్కపెడుతున్నాను. ట్రాక్‌లో కూడా పరుగు సమయం పచ్చదీపం వెలిగినప్పటి నుంచి కాక చక్రం ఆరంభ గీత దగ్గరి కాంతి కిరణాన్ని విడిచినప్పటి నుంచే మొదలవుతుంది. దీపానికి స్పందించిన సమయం వేరే లెక్క. మొదట్లో 2.8 సెకన్లు పట్టిన దూరానికి ఇప్పుడు 2.5 చాలుతోంది.

బ్రాకెట్ రేసింగ్ పద్ధతి నుంచి ఒక అలవాటు తీసుకున్నాను. అందులో పోటీదారు తన సమయాన్ని ముందే ప్రకటిస్తాడు, నెమ్మది బండికి ఇద్దరి సమయాల తేడా మేరకు ముందుగా పచ్చదీపం వెలుగుతుంది, ప్రకటించినదాని కన్నా త్వరగా చేరినా సాధారణంగా ఓటమే. అందుకే నేనూ ప్రతి పరుగుకు ముందు అంచనాను పుస్తకంలో రాసుకుంటున్నాను; అంచనాకూ ఫలితానికీ తేడా 0.1 సెకను లోపే నిలకడగా ఉండే వరకు స్ప్రాకెట్ (చైను పళ్ల చక్రం) మార్చే జోలికి పోదలచుకోలేదు.

ఆ తర్వాత తమిళనాడులో శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌కు వెళ్లాలి. అందుకు ఎఫ్‌ఎంఎస్‌సీఐ (దేశంలో మోటారు క్రీడల సమాఖ్య) పోటీ లైసెన్సు, తోలు సూటు, పూర్తి ముఖం కప్పే హెల్మెట్, గ్లవ్స్, బూట్లు కావాలి. బండిని రైలు పార్సిల్‌లో పంపితే ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి. ప్రస్తుతం సూటు కోసం డబ్బు కూడబెడుతున్నాను.